బ్లీచింగ్ కలపని నీళ్లు

కోటేశ్వరీ,

నువ్వు పోయాక మన కోళ్ల షెడ్డులో ఇది మొదటి బ్యాచి. రెండో వారానికే కోళ్లు పల్చగా రెట్టలేశాయి, కింద పరిచిన ఊకంతా తడిసి ముద్దయింది. మేతలో యాంటీబయాటిక్ ఈసారి పిల్లల్నీ మేతనీ ఇచ్చే కంపెనీవాళ్లే మానేశారు. బదులుగా పేగులకు మంచి చేసే బ్యాక్టీరియా పొడి ఇస్తే రోజూ ట్యాంకు నీళ్లలో కలిపాను. ఏమీ గుణం కనపడలేదు.

ఇవాళ కోళ్ల డాక్టరు వచ్చి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"బ్లీచింగ్ వేసిన నీళ్లలో కలిపారా బాబాయ్ గారూ? మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది కదండీ!"

అప్పుడు నీ నీలం బకెట్ గుర్తొచ్చింది. కోళ్లకు మజ్జిగ పోసే రోజున, నేను ట్యాంకులో బ్లీచింగ్ వేయకముందే ఆ బకెట్లో నీళ్లు పట్టి మజ్జిగ కలపడానికి పక్కన పెట్టుకునేదానివి.

"కోళ్లకు మజ్జిగ మర్యాదలా?" అని వెక్కిరించేవాణ్ణి.

"వాటికీ పొట్ట ఉంది కదయ్యా" అనేదానివి.

ఆ బకెట్ సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు. దినాలయ్యాక నీ సామానుతో పాటు దాన్నీ ఎవరికో ఇచ్చేశాను.

సాయంత్రం పర్చూరు వెళ్లి నీలం బకెట్టే కొన్నాను. రేపటికి నీళ్లు పట్టి పెట్టాను. ఇప్పుడు అడుగుతున్నాను, ఇదంతా నీకెవరు చెప్పారు కోటేశ్వరీ?