కాలి నొప్పికి కిడ్నీల గొడవ ఎందుకని

బెంగళూరు,
ఆదివారం, ఆరాధన అయి వచ్చాక

ప్రియమైన ఎస్తేరక్కకు,

నీ చెల్లెలు రూతమ్మ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మదనపల్లిలో చలి ఎలా ఉంది? ఇక్కడ మేమిద్దరం ఉన్నాము, ప్రాణాలతో ఉన్నాము. క్షేమమో కాదో అంతా చదివాక నువ్వే అనుకో. రెండు నెలలుగా రాయలేదని కోపం పెట్టుకోవద్దు. ఇప్పుడు దిగులు పడాల్సిందేమీ లేదు. ఉన్నప్పుడు రాయడానికి చేయి రాలేదు.

కుప్పంలో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ మూతపడి ఈ ఊరి చివరికి వచ్చి పది నెలలైంది కదా. రేకుల గది ఒకటి. పగలంతా రాయి కోసే మిషన్ల రొద. వాన ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఆగుతుందో చెప్పలేము, ఆరేసిన బట్ట ఆరదు. హోటలు సాంబారులో బెల్లం వేస్తారు, ఏదో కప్పిపెట్టడానికే వేస్తారని నా అనుమానం. రాగిపిండి మర పట్టించేటప్పుడు పక్కనే నిలబడతాను, లేకపోతే ఇంకెవరి పిండో మన సంచిలోకి వస్తుంది. తెలుగు వచ్చినవాళ్ళు వీధి నిండా ఉన్నారు. మనసు విప్పి మాట్లాడే మనిషి మాత్రం దొరకలేదు. ఎవరు నవ్వి పలకరించినా, ఈమెకు నాతో ఏం పనుందో అనుకుంటాను. నా గుణం నీకు తెలియనిదేముంది.

ఇక మీ మరిది సంగతి. ఎండాకాలం నుంచే ఆయన చర్చికి పోయే దారిలో నాలుగడుగులు వేసి నిలబడేవాడు. ఆ నిలబడడం ప్రతి వారమూ ఒకేచోట, పూలు కట్టే ఒక ఆడమనిషి అంగడి ముందు. నాలుగు వారాలు చూశాను. ఐదో వారం అడిగాను.

"ఏమయ్యా, వారం వారం ఈడనే యాల నిలబడతాండావు?"

"పిక్క పట్టేస్తాది మే. రవంత సేపు నిలబడితే పోతాది. మళ్ళా నడిస్తే మళ్ళా పట్టేస్తాది."

"పిక్కకు పూల వాసన గిట్టదేమో, ఆడికి రాంగానే పట్టేస్తాది."

ఆయన నవ్వాడు. "అనుమానం పెనుభూతం అన్నారు మే," అన్నాడు. నేను నమ్మలేదక్కా. దారి మార్చి తీసుకుపోయాను. ఆ దారిలో బొగ్గుల డిపో ముందు నిలబడ్డాడు. అప్పుడు నమ్మాను.

నొప్పికి మాత్రలు తెచ్చుకుని మింగేవాడు, అంగట్లో ఏదిస్తే అది. చలి మొదలయ్యాక ఎడమ పాదం రాయిలా చల్లబడింది. కుప్పంలో మన ఫ్యాక్టరీ ఇళ్ళ లైనులో పొయ్యి పక్కన పాలిష్ రాతిముక్క లేని ఇల్లుందా? కాచి, గుడ్డలో చుట్టి, ఎక్కడ నొప్పుంటే అక్కడ కాపడం పెట్టడమే. నేనూ అదే పెట్టాను. "వేడి తగల్తాండాదా?" అంటే "ఇంకా తగల్లేదు" అన్నాడు. ఇంకొంచెం కాచాను. ఆయనకున్న షుగరు వల్ల ఆ పాదంలో స్పర్శే లేదని మా ఇద్దరికీ తెలియదు. పొద్దున చూస్తే బొటనవేలు బొబ్బ లేచి ఉంది. పది రోజులకు అది నల్లబడింది.

ఫ్యాక్టరీ మేస్త్రి చెప్పిన పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. మనమ్మ పనిచేసిన మిషన్ ఆసుపత్రి లాంటిది కాదు, నేలంతా అద్దం. అద్దం మెరిసేచోట ఏదో దాస్తారని నాకనిపించింది. చూసింది ఒక డాక్టరమ్మ, హిందూపురం వైపు మనిషి. కాలికి పోయే రక్తనాళం తొడ దగ్గర మూసుకుపోయిందని, బెలూను పెట్టి తెరవాలని చెప్పింది. సరే అనుకున్నాను. అంతలో రక్తం తీశారు, మూత్రం తీశారు. మర్నాడు ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఆయన అప్పుడు స్కానింగ్ గదిలో ఉన్నాడు.

"అమ్మా, ఈయన కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. ముందెప్పుడైనా కిడ్నీ పరీక్ష చేయించినారా? పాత రిపోర్టు ఏమన్నా ఉండాదా?"

కాలు చూడమని వస్తే ఈమెకు కిడ్నీలెందుకు? మా గది పక్కన ఉండే మునెమ్మ అంతకు ముందు రోజే చెప్పింది, కడుపు నొప్పని పోయినవాడు నడుం పక్కన కుట్లతో ఇంటికొచ్చాడని. ఎవరిని అడిగినా ఇక్కడ ఇదే కథ. నిజమో అబద్ధమో, కట్టుకున్నవాడు మంచం మీద ఉన్నప్పుడు ఎవరు తేల్చుకోగలరు?

రెండేళ్ళ కిందట నువ్వే ఆయన్ను మదనపల్లిలో పరీక్షకు తీసుకుపోయావు కదా. కిడ్నీలు తగ్గాయని రాసిన ఆ కాగితం నా చేతికిచ్చి, జాగ్రత్త అన్నావు. ఆయన భయపడతాడని, షుగరు పరీక్ష అని మాత్రమే ఆయనకు చెప్పాము. ఆ కాగితం అప్పుడు నా భుజాన ఉన్న సంచిలోనే ఉంది. అది చూపిస్తే కిడ్నీల మీద చేయి వేయడానికి సాకు దొరికినట్టే అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సంచి మీద చేయి వేసుకున్నాను.

"ఏమీ లేదమ్మా. ఎప్పుడూ చేయించలేదు," అన్నాను.

ఆమె ఓపికగా వివరించింది. నాళాలు కనబడడానికి మామూలుగా ఒక రంగు మందు ఎక్కిస్తారట. దెబ్బతిన్న కిడ్నీలకు ఆ మందు చెరుపు చేస్తుందట. అందుకని రంగు బదులు బొగ్గుపులుసు గ్యాసు పంపి నాళాలు చూస్తారట, సోడాలో ఉండే గ్యాసే. అదీ చాలకపోతే రంగు రెండు చుక్కలు. "అయితే ఈ కిడ్నీల దెబ్బ పాతదో కొత్తదో తెలియాల. పాతదైతే రేపే చేసేస్తాం. కొత్తగా వచ్చిందైతే తొందరపడితే రెండూ పోతాయి. పాత రిపోర్టు లేదంటాండారు కాబట్టి సెలైను పెట్టి, నొప్పి మాత్రలు ఆపి, నాలుగు దినాలు చూడాల."

నాకు ఏమి వినబడిందో తెలుసా? రక్తంలోకి గ్యాసు ఎక్కిస్తారని. సూదిలో గాలిబుడగ ఉంటే మనిషి పోతాడని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం మనం. సిరంజి వేలితో తట్టి బుడగ పోగొట్టని నర్సును అమ్మ ఎన్నిసార్లు తిట్టేది! అదే అడిగాను.

"గాలి వేరు, ఇది వేరమ్మా. గాలి రక్తంలో కరగదు. ఇది కరిగిపోయి ఊపిరితో బయటికొచ్చేస్తాది. అయినా నడుం కింది భాగానికే వాడతాం, పైకి పోనీయం," అంది.

ఎంత తీయగా చెబితే అంత అనుమానం పెరిగింది నాకు.

నాలుగు రోజులూ మంచం దగ్గర నుంచి కదలలేదు. ఎక్కించిన సెలైను ఎంత, పోసిన మూత్రం ఎంత అని కాగితంలో రాయమని డాక్టరమ్మ నర్సులకు చెప్పింది. చూస్తే మూడు పూటలా ఒకే అంకె వేసి ఉంది. కొలవకుండానే రాస్తున్నారు. నేను అమ్మ చేసినట్టే ఒక గాజు సీసాకు ప్లాస్టరు నిలువుగా అంటించి, మందు కొలిచే గ్లాసుతో నీళ్ళు పోసి గీతలు గీశాను. ప్రతిసారీ కొలిచి క్యాలెండరు కాగితం వెనక రాశాను. లోపలికి పోయినదాంట్లో సగం కూడా బయటికి రావడం లేదు. కాళ్ళు ఉబ్బుతున్నాయి.

నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ రాగానే నా కాగితం ముందు పెట్టాను. "మీ కాగితంలో ఉండేది అబద్దం. ఇది నేను కొలిచింది," అన్నాను. కసురుతుందని సిద్ధంగానే ఉన్నాను. ఆమె సీసా ఎత్తి గీతలు చూసింది, ఆయన కాళ్ళు నొక్కి చూసింది, ఛాతీ విన్నది. సెలైను తగ్గించమంది. నర్సుతో, "ఇంక మీదట ఈమె రాసిందే రాయండి," అంది.

అక్కా, ఈ ఊరికి వచ్చాక నా మాట ఒకరు నమ్మడం అదే మొదలు. నేనెవరో ఆమెకు తెలియదు. అబద్ధం చెప్పిన దానినని అసలే తెలియదు. నాకు ముఖం చెల్లలేదు. ఆ సరికి బొటనవేలి పక్క వేలు కూడా నల్లబడింది. సంచిలోంచి కాగితం తీసి ఆమె వెనకాలే వరండాలోకి పోయాను.

ఆమె రెండుసార్లు చదివింది. అప్పటి అంకె, ఇప్పటి అంకె దాదాపు ఒకటేనట, అంటే దెబ్బ పాతదే.

"ఇది మొదటి దినమే మీ దగ్గిర ఉండిందా?"

"ఉండింది."

కాగితం మడిచి ఫైలులో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేరుగా పోయి ఆ పూటే బెలూను పని పెట్టుకుంది. గ్యాసు సిలిండరు నా ముందు నుంచే తోసుకుపోయారు, నా ప్రాణం దాని వెంటే పోయింది. రెండు గంటలకు బయటికి తెచ్చారు. దుప్పటి ఎత్తి పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. మూడు రోజులకు మళ్ళీ రక్తం చూశారు, కిడ్నీలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ తర్వాత నల్లబడిన రెండు వేళ్ళూ తీసేశారు. పుండు మానుతోంది. ఇప్పుడు మా వీధి చివరిదాకా ఆగకుండా నడుస్తున్నాడు.

బావ కీళ్ళ నొప్పులకు అంగడి మాత్రలు మింగుతుంటే మానిపించు, డాక్టరును అడిగి వాడమను. వీలైతే చింతపండు పంపు, ఇక్కడిది నమ్మలేను. పుంగనూరు చిన్నమ్మకు, మన సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మా కోసం ప్రార్థన చేయించు.

చూడడానికి వచ్చినవాళ్ళందరితోనూ ఆయన ఒకటే చెబుతున్నాడు. "మా యామె అనుమానం మనిషి కాబట్టి నేను బతికినా. ఆమె సీసా పెట్టి కొలవకుంటే నా కాలు పోయుండు." నేను దొంగకు తేలు కుట్టినట్టు వంటపని మీద లోపలికి పోతున్నాను. మొదటి వేలు తెలియక పోగొట్టానక్కా. రెండో వేలు తెలిసి పోగొట్టాను. నోటితో చెప్పాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

నేను రాసిన ఉత్తరం చదవకుండా డబ్బాలో వేసే మనిషి కాదు ఆయన, అది నీకూ తెలుసు. రేపు ఈ కవరు అంటించకుండానే ఆయన చేతికిస్తాను. ఇది నీకు చేరిందంటే, ఆయన చదివాడనే అర్థం.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
రూతమ్మ