నానమ్మ తిట్లు కావాలి

అక్కా, జ్వరం తగ్గింది, కులాసాగానే ఉన్నానని అమ్మకు చెప్పు.

నేను రాస్తున్న నవల మాత్రం సాగడం లేదు. వాక్యం నడక చేతికి పట్టుబడుతుందని, నాకిష్టమైన నవలను రోజూ కొన్ని పేజీలు చూసి రాస్తున్నాను. నిన్న, నానమ్మ గురించి నేను రాసిన అధ్యాయాన్ని నా గదిలో ఉండే అమ్మాయికి వినిపించాను. బట్టలు మడతపెడుతూ అంతా విని, "ఈవిడ మీ నానమ్మ కాదే. నువ్వు రోజూ చూసి రాసే ఆ తలగడ కింది పుస్తకంలోని ముసలావిడే. కళ్ళజోడు తగిలించి తెచ్చావు, అంతే" అంది.

కోపంగా నా అధ్యాయాన్నీ ఆ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. నానమ్మ అంత అందంగా ఎప్పుడు మాట్లాడింది? మళ్ళీ రాద్దామని కూర్చుంటే ఆవిడ గొంతే వినపడలేదు. పోయి ఏడాదైనా కాలేదు కదా, అప్పుడే మరిచిపోయానా?

నా దుప్పటి పంపేటప్పుడు ఒక కాగితం కూడా పెట్టు. మనం కంచంలో వదిలేస్తే నానమ్మ ఏమని తిట్టేదో ఉన్నది ఉన్నట్టు రాయి. చక్కదిద్దకు. నాన్నను అడగొద్దు, దిగులు పెట్టుకుంటారు. పెరటి తలుపు గొళ్ళెం బాగు చేయించారా?

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు. ఆ తిట్లు నీకూ గుర్తు లేకపోతే మాత్రం, గుర్తు లేదని రాయకు. వట్టి దుప్పటి పంపు, చాలు.

నీ చెల్లి