చారల గుర్రానికి పెట్టిన పేరు

పూతలపట్టు,
3-8-1983.

మా యశోదక్కకు తమ్ముడు గంగాధరం దండం పెట్టి రాసేది. ఇక్కడ పిల్లా పెద్దా కులాసా. అక్కడ కులాసా లేదని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ మాట అడగను.

నా పెండ్లాం మునెమ్మ మోకాలినొప్పి ఎలా ఉందని అడిగావు. నన్ను వీధి చివరిదాకా తరమగలిగేంత తగ్గింది. నువ్వు పంపిన ఊరగాయ జాడీ సగం నేనే ఖాళీ చేసి, నింద పిల్లల మీద వేశాను.

బావ పది దినాలుగా రేణిగుంట గోడౌనుకు పోవడం లేదనీ, సోమవారానికైనా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారనీ రాశావు. అక్కడికి వచ్చే మన ఊరి లారీవాళ్ళు ఆయన కుంటి నడక చూసి "పరిగెత్తు బావా" అని అరుస్తున్నారట. "ఆ మాట మొదట అనినోడు యెవుడో కనుక్కోరా గంగా, వాని నోట్లో వాతలు పెడతా" అన్నావు. చెబుతాను. ముందు ఆ దినం సంగతి విను.

బావ ఒక్కడే ఈడికి వచ్చినప్పుడు, బళ్ళో సర్కారు వ్యానువాళ్ళు ఆఫ్రికా అడవి సినిమా వేశారు. పట్టపగలే, కిటికీలకు దుప్పట్లు కట్టి. మాటలన్నీ ఇంగ్లీషు. హెడ్మాస్టరు గోవిందయ్య, "మైకుసెట్టు నీదే గదబ్బా, పిల్లోళ్ళకు నువ్వే తెలుగులో సెప్పు" అన్నాడు. ఇంగ్లీషు మొదలైన ఏడాదే బడి మానేసినవాణ్ణి నేను. అయినా మైకు దొరికితే ఊరుకుంటానా? నీడలో పడుకున్న సింహాన్ని చూపించి, "ఈయన మన ప్రెసిడెంటు, కూడు తయారైనాక లేస్తాడు" అన్నాను. వేటకు పోయే ఆడసింహం చేత, "లెయ్ సామీ, దినామూ నేనే తెచ్చి పెట్టాల్నా?" అనిపించాను. బావ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

అంతలో చారల గుర్రాల మందలో ఒకటి కుంటుతూ వెనకబడింది. "అదో మా బావ! రైలు పోయినాక టేసనుకు వస్తాండాడు!" అన్నాను. అవునక్కా, ఆ నోరు నాదే. హాలు దద్దరిల్లింది. అక్కడ ఆపొచ్చు. ఆపలేదు. సింహాలు చుట్టుముడుతుంటే, "పరిగెత్తు బావా! పరిగెత్తలేవా? పోనీలే, మా అక్కకు నేను సెప్పుకుంటా" అన్నాను. గుర్రం పడిపోయింది.

బావ లేచాడు. తలుపు దగ్గరికి పోవాలంటే సినిమా మిషను వెలుతురుకు అడ్డంగా నడవాలి. ఆయన నీడ తెర మీద, తింటున్న సింహాల మధ్య, కుంటుకుంటూ పోయింది. పిల్లలంతా "పరిగెత్తు బావా" అని అరిచారు. మైకు నా చేతిలోనే ఉంది. "ఊరుకోండిరా" అంటే చాలు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

నీకు చదవను రాదు. నీ ఉత్తరాలు రాసేదీ, నావి చదివి వినిపించేదీ బావే. నువ్వు వాతలు పెడతానని చెబుతుంటే, వాడెవడో తెలిసీ, నీ తమ్ముణ్ణి నీ ముందర పలచన చేయకుండా, ఆ మాటలన్నీ తన చేత్తోనే రాసి పంపాడు. ఆ గుండ్రటి అక్షరాలు చూసినాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఆదివారం వస్తున్నాను. సోమవారం బావ వెంట గోడౌనుకు పోయి, లారీవాళ్ళందరి ఎదుట ఆయన కాళ్ళు పట్టుకుంటాను.

బావా, ఇక నీతో. ఇంతదాకా గొంతెత్తి చదివావో, వరుసలు మింగేసి కాగితం మడిచావో నాకు తెలియదు. నన్ను కాపాడొద్దు. మొదటినుంచి మళ్ళీ, అక్కకు వినబడేటట్టు చదువు.

ఇట్లు,
ఆమెకు తమ్ముడూ, నీకు బామ్మర్దీ అయిన
గంగాధరం