హోం మినిస్టర్ పేరేమిటి

జూన్ 6, మంగళవారం

ఛీ. ఇంకేమని మొదలుపెట్టాలి. పొద్దున్నే మా ఆయన మెర్వ్ హాల్లో బల్ల సొరుగు లాగి అందులో ఉచ్చ పోశాడు. పోసి, సొరుగు మెల్లగా మూసి, నావంక చూసి నవ్వాడు కూడా. మా పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయి. కడిగి, పెరట్లో తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. వీధిలో పోయేవాళ్ళంతా చూశారు. చూడనీ.

తర్వాత ముసలివాళ్ళ సేవల ఆఫీసుకి ఫోన్. యాభై నిమిషాలు పియానో వినిపించారు. చివరికి ఒకమ్మాయి పలికి, ఇవన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదండీ, చూసుకోలేదా అంది. నా ఒళ్ళు మండిపోయింది.

ఆగస్టు 7న నాకు అడిలైడ్‌లో ఆపరేషన్. గర్భసంచిలో గడ్డ. తర్వాత మూడు వారాలు నీళ్ళ కెటిల్ కూడా ఎత్తకూడదన్నాడు డాక్టరు. ఈ తేదీ జారితే మళ్ళీ క్యూలో చివరికి వెళ్ళాలి. క్యూలో మీరు నిలబడతారు గానీ గడ్డ నిలబడదమ్మా, అని కూడా అన్నాడు. ఆ మూడు వారాలు మెర్వ్‌కి ఏదైనా వృద్ధుల హోంలో ఒక మంచం కావాలి. మాకు పిల్లల్లేరు. మంచం ఇవ్వాలంటే ఆఫీసు మనిషి ఇంటికొచ్చి ఈయన మతి ఎంత పోయిందో కొలవాలట. డిమెన్షియా అని డాక్టరు రెండేళ్ళ కిందటే రాసిచ్చిన కాగితం చాలదట.

జూన్ 8

ఆఫీసు వాళ్ళ దగ్గర్నుంచి పోస్టులో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం వచ్చింది. 'మీరు ఒంటరి కారు' అని రాసి ఉంది. ఇది మూడోది.

జూన్ 15

కొలిచే అమ్మాయి వచ్చింది. పేరు టెగన్. ఇంటికి మనిషి వస్తోందని నేను తెల్లారకుండానే లేచి, మెర్వ్‌కి గడ్డం గీసి, స్నానం చేయించి, నీలం చొక్కా తొడిగి, నేల తుడిచి, లామింగ్టన్ కేకులు ప్లేట్లో సర్ది పెట్టాను. బుద్ధి లేని దాన్ని.

మెర్వ్ ముప్పై ఒక్క ఏళ్ళు పబ్ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి. లోపలికి వచ్చినవాడు ఎవడైనా సరే, రా మేట్, ఎక్కడ మాయమైపోయావ్ ఇన్నాళ్ళూ అంటాడు. మా ఊళ్ళో, ఈ పోర్ట్ పిరీలో, మగాళ్ళందరూ మేట్‌లే, నేస్తాలే. మేట్ అన్నవాణ్ణి పట్టుకుని నా పేరేంటో చెప్పు అని ఎవడూ అడగడు. ఈయన బుర్రలోంచి ఎన్ని పేర్లు రాలిపోయాయో ఊరికి తెలియకపోవడానికి ఆ ఒక్క మాటే కారణం.

టెగన్ ఇది ఏ సంవత్సరం అని అడిగింది. ఈ వయసులో సంవత్సరాలు లెక్కపెడితే భయమేస్తుంది మేట్ అన్నాడు. ప్రధానమంత్రి ఎవరంటే, ఎవడైతేనేం, ఒక్కడికైనా బీరు పట్టడం వచ్చా అన్నాడు. నన్ను చూపించి ఈవిడ పేరేంటి అంటే, బాబోయ్, ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకెక్కడిది, మా హోం మినిస్టర్ అన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే ఏదో రాసుకుంది.

ఎనిమిది నెలలైంది ఈయన నోట నా పేరు వచ్చి అన్నాను. పెద్దాయన సరదా మనిషి లెండి, మీరు అదృష్టవంతులు అంది.

ఆ పిల్ల కారు మలుపు తిరిగిందో లేదో మెర్వ్ నా వెనకే వంటింట్లోకి వచ్చి, అమ్మాయ్, నీ షిఫ్ట్ ఎప్పుడైపోతుంది, ఇంటిదాకా దింపేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

జూన్ 28

ఉత్తరం వచ్చింది. 'సహాయ అవసరం: స్వల్పం.' మంచం లేదు. దాని బదులు వారానికో గంట ఒకావిడ వచ్చి ఇల్లు ఊడుస్తుందట. ఆవిడ స్టూలెక్కదు, కిటికీలు ముట్టుకోదు, ఉచ్చా దొడ్డీ తుడవదు. మా ఇంట్లో తుడవడానికి అవి తప్ప ఏమున్నాయి?

మెర్వ్ చెల్లెలు కోరల్ బ్రిస్బేన్ నుంచి ఫోన్ చేసింది. అన్నయ్య నాతో శుభ్రంగా మాట్లాడాడు వదినా, పిల్లలెలా ఉన్నారని కూడా అడిగాడు, నువ్వే మరీ కంగారుపడిపోతున్నావు అంది. ఏ పిల్లలు, పేర్లు చెప్పాడా అన్నాను. ఉన్నట్టుండి ఆవిడకి పొయ్యి మీద ఏదో మాడిపోయింది.

జూలై 5

'సంరక్షకుల సేద తీరే ఉదయం' అని ఆఫీసు వాళ్ళు పిలిచారు. వెళ్ళడానికి మెర్వ్‌ని పక్కింటి కార్మెలాకి అప్పగించాల్సి వచ్చింది. వెళ్తే, లావెండర్ కొవ్వొత్తులు, రంగు పెన్సిళ్ళు. సీతాకోకచిలుకకి రంగులు వెయ్యమన్నారు. డెబ్బై ఏళ్ళదాన్ని. చేతులకి ఇంకా పొద్దుటి దుప్పట్ల కంపు పోలేదు.

నా పక్కన గోర్డన్ అనే గోధుమ రైతు కూర్చున్నాడు. భార్యని ఆరేళ్ళుగా చూసుకుంటున్నాడట. తన సీతాకోకచిలుకని మొత్తం నల్లగా పూసేశాడు. నా కథ విని, ఆ అమ్మాయి వచ్చేముందు ఆయన్ని ముస్తాబు చేశావు కదూ, అదే నువ్వు చేసిన తప్పు, ఈసారి వేలు కూడా కదపకు, ఉన్నదున్నట్టు చూడనీ అన్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

జూలై 20

పదకొండు ఫోన్ల తర్వాత మళ్ళీ కొలుస్తామన్నారు. 27న, ఆఫీసులోనే. ఇవాళ్టి నుంచి గడ్డం గీయను. గుడ్డు కార్చుకున్న స్వెటర్ ఉతకను. మొగుణ్ణి మురికిగా ఉంచితేనే మంచం ఇచ్చే దేశం.

జూలై 26

మురికి గడ్డంతో కూర్చుని నా చెయ్యి పట్టుకుని, నువ్వు మంచిపిల్లవి అన్నాడు. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూలై 27, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫీసు గుమ్మంలో ఒకమ్మాయి అందరి గుండెల మీదా స్టిక్కర్లు అంటిస్తోంది. పేర్లు, నల్ల పెన్నుతో, ఇంతింత అక్షరాలు. నాకూ అంటించింది. నా ధ్యాసంతా మెర్వ్ ప్యాంటు మీదే ఉంది, తడిపాడేమోనని.

టెగన్ మెర్వ్ స్వెటర్ చూసి మొహం చిట్లించింది. హమ్మయ్య అనుకున్నాను. ఈసారి జోకులొద్దు, ఆవిడ పేరొక్కటి అడుగు, ఇంకేం అడగక్కర్లేదు అన్నాను. అడిగింది.

మెర్వ్ నావంక చూశాడు. నవ్వబోయాడు, ఎవరూ నవ్వలేదు. ఆ కళ్ళలో అంత భయం నేనెన్నడూ చూడలేదు. తర్వాత, స్పష్టంగా, రేలీన్ అన్నాడు.

టెగన్ చప్పట్లు కొట్టింది.

నాకు ఏమైందో ఇక్కడైనా ఒప్పుకోవాలి. మంచం పోయింది, ఆపరేషన్ పోయింది, అయినా గుండె ఎగిరి గంతేసింది. తొమ్మిది నెలలకి నా పేరు! ఒక్క క్షణమే. ఆయన కళ్ళు నా మొహం మీద లేవు. స్టిక్కర్ మీద ఉన్నాయి. పబ్‌కి వచ్చే బౌలింగ్ టీముల చొక్కాల మీది పేర్లు చదివి పలకరించిన మనిషి, చదవడం మరిచిపోతాడా?

స్టిక్కర్ పీకేశాను. బ్లౌజు దారాలు కూడా ఊడొచ్చాయి. గుప్పిట్లో నలిపి, ఇప్పుడు అడుగు అన్నాను. నా గొంతు నాకే అసహ్యమేసింది.

మెర్వ్ నా గుండెల మీద వెతికాడు. తర్వాత మొహంలో వెతికాడు. వెతికి వెతికి టెగన్ వైపు వంగి, మెల్లగా, ఎవరో ఈవిణ్ణి ఏడిపించినట్టున్నారు మేట్, కాస్త కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి అన్నాడు.

టెగన్ నవ్వలేదు. చాలాసేపు రాసింది. గెలిచాను. బయటికొచ్చి కారు పక్కన వాంతి చేసుకున్నాను. మెర్వ్ నా వీపు రాస్తూ, ఇక చాలు, ఇంకో గ్లాసు పోసేది లేదు అన్నాడు.

ఆగస్టు 1

'సహాయ అవసరం: తీవ్రం.' మూడు వారాల మంచం ఇచ్చారు. ఉత్తరంలో మొదటి మాట 'అభినందనలు'. అయస్కాంతం కూడా పెట్టారు.

ఆగస్టు 5

పొద్దున మెర్వ్‌కి గడ్డం గీశాను. రేపు హోంలో దింపాలి.

బట్టలన్నిటికీ పేరు కుట్టి పంపమని హోం వాళ్ళ కాగితం. ఎవరి పేరో అందులో రాయలేదు. పదకొండు చొక్కాలకీ చేతి అంచు మీద, ఆయనకి కనబడేలా, నా పేరు కుట్టాను.