నాన్నను ఏ భాషలో పిలిచాననే విషయమై

బుదాయ్ రేవు,
సోమవారం

అమ్మకు, పెద్దకొడుకు ఆ-ఫూ నమస్కరించి వ్రాయునది.

తల్లికి రాసే ఉత్తరంలో ముందు క్షేమం, పిదప వాతావరణం, అటుపిమ్మట జవాబులు, చిట్టచివర అసలు సంగతి రావాలన్నది క్రమం. ఈ క్రమాన్ని ఎవరు నిర్ణయించారో ఏ దస్త్రంలోనూ లేదు. అయినా ఊరి పాలనా కార్యాలయంలో నోటీసులు రాసి బతుకుతున్నవాడిగా దానిని ఉల్లంఘించే అధికారం నాకు లేదు. కనుక: ఇక్కడ బతికున్నవాళ్ళమందరమూ క్షేమం. నాన్న సంగతి దాని స్థానంలో అది వస్తుంది. చెల్లీ, అమ్మ ఇప్పుడు నీ ఇంట్లో ఉంది, చదివి వినిపించేది నువ్వే కాబట్టి, మధ్యలో ఏ పేరానూ దాటవేయవద్దు.

గాలి ఉప్పగా వీస్తోంది. ఆల్చిప్పలు పెంచే తెప్పలను బాబాయి చూసుకుంటున్నాడు.

ధూపం వేస్తున్నావా అని అడిగావు. రోజూ పొద్దున్నే నాన్న పేరు చెక్కిన పలక ముందు అగరుబత్తి వెలిగిస్తున్నాను. ఆ పొగ ఎవరికి చేరుతుందనే విషయమై నా అభిప్రాయం నీకు తెలిసిందే. అభిప్రాయం వేరు, అగ్గిపుల్ల వేరు. నాన్న రబ్బరు బూట్లు బాబాయికి ఇవ్వమన్నావు. ఆయన పాదం చిన్నది. బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, మేం దాటుకుని తిరుగుతున్నాం.

ఇక మూడో ప్రశ్న. చెల్లి దానిని నీ మాటల్లోనే రాసింది: "ఫోన్లో అడిగితే లైను బాలేదంటాడు, అందుకే రాయిస్తున్నా. పొయ్యిలోకి తోసేటప్పుడు మీ నాన్నని గట్టిగా పిలిచావా, లేదా? రోజూ కలలోకి వచ్చి కుర్చీలో అట్టాగే కూచుంటున్నాడు. లెమ్మంటే లేవడు. నాకు ముద్ద దిగట్లేదురా."

భార్య దహనశాలకు రాకూడదన్న ఆచారం వల్ల నువ్వు ఇంటి దగ్గరే ఉండిపోయావు. తలుపు మూసేలోగా "మంటొస్తోంది, పరిగెత్తు" అని కొడుకు పిలవకపోతే ప్రాణం లోపలే చిక్కుకుపోతుందని నీ నమ్మకం. ఫోన్లో మొదటిసారి అడిగినప్పుడు నేను "పిలిచాను" అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి నివేదిక మాత్రం కాదు.

జరిగింది ఇది. పెట్టె పట్టాల మీదికి చేరింది. పనివాడు నా వైపు తిరిగి, "కానివ్వండి సార్" అన్నాడు. నేను టై సర్దుకుని నోరు తెరిచాను. వచ్చింది మనింటి మాట కాదు, బళ్ళో నేర్చిన మాండరిన్. అందులోనూ ఆఫీసు మాండరిన్.

"పూజ్యులైన పితృదేవులకు మనవి. అగ్ని సమీపించుచున్నది. దయచేసి నిష్క్రమింపగలరు."

మేనత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఒరేయ్ ఆ-ఫూ! అది నోటీసురా, పిలుపా? మీ నాన్న జన్మలో ఎప్పుడన్నా నోటీసుకు కదిలాడంట్రా?"

కదలలేదు. మాండరిన్‌లో ఎవరేమడిగినా వినపడనట్టే కూర్చునేవాడు. మళ్ళీ నోరు తెరిచేలోగా తలుపు మూసుకుపోయింది.

ఆ తరువాత నేను చేసిన పనికి ఏ వివరణా లేదు. ఆత్మ ఉందని నేను ఏనాడూ నమ్మలేదు. అయినా భవనం చుట్టూ తిరిగి పొగగొట్టం ఉన్న వెనక వైపుకి పరిగెత్తి, గోడకేసి అరిచాను. మనింటి భాషలో. "నాన్నోయ్! మంటొచ్చింది, లే! లేచి రా!"

అక్కడ తమ వంతు కోసం మరో కుటుంబం కూర్చుని ఉంది. వక్క నములుతున్న ఒక ముసలామె లేచి వచ్చింది.

"ఎవర్ని నాయనా?"

"మా నాన్నని. లోపలికి వెళ్ళిపోయాడు."

"చెవులు బానే పని చేసేవా?"

"పడవ ఇంజను మోతకి ఎప్పుడో పోయాయి."

"మరి ఈ గొంతేం సరిపోద్దయ్యా!" ఆమె వెనక్కి తిరిగింది. "ఒరేయ్, అందరూ ఇట్టా రండి! మనాయన కాసేపు ఆగుతాడులే. పేరేంటి?"

"థియెన్-వాంగ్."

అమ్మా, వాళ్ళంతా వచ్చారు. తమ మనిషిని పెట్టెలో వదిలిపెట్టి, గోడ ముందు నిలబడి, ముక్కూ మొహం తెలియని ఆయన కోసం గొంతులు చించుకున్నారు. "థియెన్-వాంగన్నో! మంటొస్తందయ్యో! పరిగెత్తవయ్యో!" నేనూ అరిచాను. కాసేపటికి నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఫోన్లో జలుబన్నది దీన్నే. ఆ తరువాత వాళ్ళ మనిషి వంతు వచ్చింది. రాని గొంతుతోనే వెళ్ళి వాళ్ళతో కలిసి అరిచాను. ఆయన పేరు కూడా సరిగా వినలేదు.

దీనిని ఏ మతం కింద నమోదు చేయాలో నాకు తెలియడం లేదు. ఆత్మ గురించి నా అభిప్రాయం మారిందని కూడా చెప్పలేను. కానీ మళ్ళీ అటువంటి గోడ ముందు ఎవరైనా ఒంటరిగా అరుస్తుంటే, ఏ దేవుడి మనిషని అడగకుండా వెళ్ళి పక్కన నిలబడతాను. నాకున్న భక్తి ఇంతే.

నాన్నకు వినపడిందా అంటే నేను పూచీ పడలేను. ఆ ఆవరణలో వినపడనివాళ్ళు మాత్రం లేరని ధ్రువీకరిస్తున్నాను. కలలో ఇంకా లేవకపోతే కబురు చెయ్యి. బస్సెక్కి వచ్చి, నీ మంచం పక్కన నిలబడి మళ్ళీ పిలుస్తాను. ఈలోగా కాస్త గంజైనా తాగు. రెండు రోజులుగా అది కూడా ముట్టడం లేదని చెల్లి ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో రాసింది.

ఈ సందర్భంగా మన కుటుంబానికి ఒక నిబంధన జారీ చేస్తున్నాను. పెద్దకొడుకు గొంతు పూర్తిగా కోలుకునే వరకు ఈ ఇంట ఎవరూ మరణించరాదు. కోలుకున్నదీ లేనిదీ తేల్చే అధికారం పెద్దకొడుకుకే కలదు. ఇది తుది నిర్ణయం.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
ఆ-ఫూ