మిషన్‌లో ఉన్న నా కొడుకు మాటను తీయొద్దు

వాగొడ్డు మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,
ఎర్రగుట్ట తండా వాస్తవ్యురాలు, కీ.శే. సోమ్లా భార్య గుగులోతు రూప్లి వ్రాసుకొన్న అర్జీ.
ఆగస్టు, 1996.

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు కంప్యూటరులో నా కొడుకు ధన్‌సింగ్ రాసిపెట్టిన ఒక్క వాక్యమును తీసివేయించు ప్రయత్నము మానుకొనుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేయునది ఏమనగా.

ఇంతవరకు తమ గేటు ముందు అర్జీలు రాసే పిచ్చయ్య చెప్పిన మాటలు. ఇక్కడి నుంచి నావి. నేను వయోజన విద్య బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

1. నా కొడుకు ఖమ్మంలో కంప్యూటరు నేర్చుకొని తమ ఆఫీసులో దినకూలి మీద చేరాడు. పట్టాల జాబితాలు తెలుగులో అచ్చయ్యేటట్టు ప్రోగ్రాం వాడే రాశాడు. ఈ సంగతి మీకు తెలుసు. వాణ్ణి మట్టి చేసిన తరువాత మీకు గుర్తు లేదు కాబట్టి మొదట రాస్తున్నాను.

2. ఆ ఒక్క వాక్యం సంగతి. వాని తండ్రి పోయిన కొత్తలో మా ఇంట్లో గంజి ఇద్దరికి సరిపోయేది కాదు. నేను తిన్నానని వాడికి చెప్పి పస్తుండేదాన్ని. వాడు నాకంటే ముదురు, తిన్నానని నాకు చెప్పి వాడు పస్తుండేవాడు. ఒకనాడు ఇద్దరమూ దొరికిపోయాము. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాము, వాడు తిన్నాడని తెలిశాకనే నేను ముద్ద ముట్టాలని. వాడు నౌకరికి వచ్చి మీ ఊళ్ళో కిరాయి గదిలో ఉన్నప్పుడు ఈ ఒట్టు ఎట్లా నిలిచేది? అందుకని ప్రింటరులో వచ్చిన కాగితం ముక్క చింపించి మధ్యాహ్నం బస్సులో వేయించేవాడు. కండక్టరు మా తండా మలుపు దగ్గర ఇచ్చి పోయేవాడు. దాని మీద ఉండేది ఇంతే:

యాడీ, అన్నం తిన్న.

యాడి అంటే మా తండాలో అమ్మ. అది చదివాకనే నేను రొట్టె విరిచేదాన్ని. బడిలో నేర్చిన అక్షరాలు నేను మొట్టమొదట చదువుకున్నది ఆ కాగితం మీదనే.

3. జమాబందీ లెక్కల తనిఖీ దగ్గర పడ్డప్పుడు వాడికి చలిజ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాకు పోయి వస్తానని సెలవు అడిగాడు. మీరు అన్న మాట తమ అటెండరు భద్రయ్య విన్నాడు, నాకు చెప్పాడు. "మిషన్ సంగతి నీ ఒక్కడికే తెలుసు. లిస్టులు అయ్యేదాకా కుర్చీలోంచి లేవొద్దు." వాడు లేవలేదు.

ఆ గదిలో మిషన్ వేడెక్కకుండా కూలరు పెట్టించారు. చలిజ్వరం మనిషిని ఆ కూలరు ముందు కూర్చోబెట్టారు. కూలరు ఆపుదామని భద్రయ్య పోతే, మిషన్ పాడైతే నీ జీతంలో కోస్తానని మీరు అరిచారు. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు మిషన్‌కు దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పేవారట. నా కొడుకు మీద ఆ గుడ్డయినా కప్పలేదు గదా సారూ.

4. వాడు కుర్చీలోంచి పడిపోయిన రోజు తమ జీపు మీ అత్తగారి వాళ్ళను తీసుకొని పర్ణశాల చూపించడానికి పోయింది. నా కొడుకును గొర్రెల మధ్యన లారీలో వేసి పంపారు. భద్రాచలం చేరలేదు. తరువాత తమరు రాసిన కాగితంలో, జ్వరం మొదలైన నాటినుంచి ధన్‌సింగ్ సెలవులో ఉన్నాడు, ఆఫీసుకు సంబంధం లేదు అని ఉంది. మిషన్ సంగతి వాడొక్కడికే తెలుసునంటిరి. వాడు సెలవులో ఉంటే మీ జమాబందీ లిస్టులు ఎవరు కొట్టారు? మీ అత్తగారా?

పిచ్చయ్య ఈ మాట కొట్టేయమన్నాడు. "అత్తగారిని అర్జీలకు గుంజుతారా రూప్లీ, కేసయితది" అన్నాడు. కానియ్యి అన్నాను.

5. వాణ్ణి మట్టి చేసిన మర్నాడు మధ్యాహ్నం బస్సు మలుపు దగ్గర ఆగింది. కండక్టరు కొత్తవాడు, మా ఇంటి సంగతి తెలియదు. కాగితం ఇచ్చి పోయాడు. యాడీ, అన్నం తిన్న.

చదువు రాకపోయినా బాగుండేది. నా కొడుకు బతికాడనుకున్నాను. చెప్పులు లేకుండా మీ ఆఫీసు దాకా ఉరికాను. భద్రయ్య నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, గా ముక్క ఆయన కొట్టింది కాదే. పొద్దుగాల మిషన్ తెరిస్తే చాలు, ముందుగాల గదే కొడ్తది. ఒత్తులు, సున్నాలు మంచిగ పడుతున్నయో లేవో చూసుకోనీకి ధన్‌సింగ్ గట్ల పెట్టిండు. నేను రోజు లెక్కనే చింపి బస్సుల ఏసిన. చెయ్యికి తెల్వలే అక్కా, ఆయన లేడని."

అంటే అది పొద్దున్నే వచ్చే మాట. ఎవరు తెరిచినా వస్తుంది. వాడు తినకముందే తిన్న అని వచ్చేది. గంజి కూడా గొంతు దిగని రోజుల్లో తిన్న అని వచ్చింది. కూలరు ముందు వాడు వణుకుతుంటే, నేనిక్కడ ఆ కాగితం చదువుకొని కడుపు నిండా తిన్నాను. చిన్నప్పుడు ఆడిన అబద్ధమే మళ్ళీ ఆడాడు, ఈసారి మిషన్‌తో ఆడించాడు.

6. మొన్న నేను తమ ఆఫీసుకు వచ్చాను. దుమ్ము పడుతుందని గడప బయటే నిలబెట్టారు. "చచ్చినవాడు రోజూ పొద్దున్నే అన్నం తిన్నానంటుంటే ఆఫీసు నడపాలా వద్దా? ప్రభుత్వ కాగితం వృథా అవుతోంది" అన్నారు. కొత్త ఆపరేటరు వెంకటనారాయణ, "నేను చూసిన సార్, గా లైను తీసేస్తే లిస్టులు గూడ వస్తలేవు, మల్ల పెట్టిన" అన్నాడు. అయితే ఖమ్మం నుంచి తెలిసినవాణ్ణి పిలిపించి తీయిస్తానన్నారు.

"సారూ, అది అబద్ధమని నాకు ఎరుకే. అయినా ఉండనియ్యి" అని అడిగాను. "అబద్ధమని తెలిసి ఎందుకమ్మా నీకు?" అని నవ్వారు.

ఎందుకో చెబుతాను. మీరు కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేసి ఆడిన అబద్ధం మిమ్మల్ని కాపాడుకోవడానికి. నా కొడుకు అబద్ధం నేను అన్నం తినాలని. నాకు వాని అబద్ధమే కావాలె.

7. ఇప్పటికీ భద్రయ్య ఆ ముక్క బస్సులో వేస్తున్నాడు. వానికి మెమో ఇస్తానన్నారట. ఇవ్వండి. ఆ మెమో కూడా నా కొడుకు ప్రోగ్రాంతోనే కొట్టాలి. దానికంటే ముందు వాని మాటే వస్తుంది.

కావున తమరు ఆ వాక్యమును ముట్టుకొనరాదనియు, ఖమ్మం మనిషిని పిలిపించరాదనియు, భద్రయ్యను ఏమీ అనరాదనియు కోరుతున్నాను. ఆ కాగితం రాని రోజు నేను ముద్ద ముట్టను. ఇంటి దగ్గర కూర్చోను కూడా. మీ కూలరు గది గడప మీద కూర్చుంటాను. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా మీరు నన్ను దాటాలి. ఇది బెదిరింపు అని రాసుకోండి.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తమనేది ఉంటే.

కింద తమ విధేయురాలు అని రాయాలని పిచ్చయ్య చెప్పాడు. నేను రాయను.

ధన్‌సింగ్ యాడి,
గుగులోతు రూప్లి

తా.క. ఇది రాసి ఇంటికి తెచ్చుకొని మడత పెట్టేలోపల ఈ రోజు బస్సు వచ్చింది. కాగితంలో అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. యాడీ వరకు కనబడుతోంది, తిన్న అనేది ఎండకు పట్టి చూస్తే గానీ అవుపించలేదు. భద్రయ్య కండక్టరుతో చెప్పి పంపాడు, ప్రింటరు రిబ్బను అరిగిందట, కొత్తది తెప్పించమంటే మీరు వినలేదట. పైన రాసినవన్నీ తరువాత చూద్దురు గాని సారూ, రిబ్బను జల్దీ మార్పించండి. మధ్యాహ్నం నుంచి చూస్తూనే ఉన్నాను, పొద్దు గూకుతున్నది, నేనింకా తినలేదు. వాడు తిన్నాడో లేదో సరిగా కనబడలేదు.