పాత ఆది జాకెట్టు

టూవూంబా, ఆస్ట్రేలియా
8 మార్చి 2000

రహీమ్ మాస్టారికి,

విద్యావతి నమస్కారాలు. మీరూ హఫీజా గారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. మా అక్క కుసుమ చేత మీరు పంపించిన ఆరు జాకెట్లూ అందాయి. కుట్టు ఎప్పట్లాగే కళ్లకద్దుకునేలా ఉంది. కానీ ఒక్కటీ మోచెయ్యి దాటి పైకి రాలేదు.

తప్పు మీది కాదు. మీరు నా ఆది జాకెట్టు చూసే కుట్టారు. అది అయిదేళ్ల కిందటిది, ఈలోగా మనిషి మారింది. కొత్త కొలతలు రాస్తున్నాను. చేతి లూజు పదకొండు కాదు, పదమూడు. భుజం పదిహేనున్నర. నడుము ముప్పై మూడు ఉండేది, ఇప్పుడు ముప్పై ఒకటి. ఆగస్టులో మా ఆడపడుచు వాళ్లు మెల్‌బోర్న్‌లో, కేరమ్ డౌన్స్ గుడిలో కల్యాణం చేయిస్తున్నారు. పట్టుచీర కట్టుకోకపోతే మాట పడాలి. గుడ్డ దీంతో పంపుతున్నాను, ఆ ఒక్క జాకెట్టూ కుట్టి పంపండి చాలు. మిగతావాటి సంగతి ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
డ్యూటీకి ఆలస్యమైపోతున్న
విద్యావతి

తా.క. ఇంతా చేసి నాలుగు కిలోలు పెరిగాను. ఇరవై ఏళ్లుగా పేషెంట్లకి "కాటా చూసి బెంబేలు పడకండి" అని చెప్పే డాక్టర్ని నేనే. నిన్న మూడుసార్లు కాటా ఎక్కాను. అక్కకి చెప్పకండి.

* * *

తెనాలి
27 మార్చి 2000

డాక్టరమ్మ గారికి,

రహీమ్ టైలర్ సలాములు. చత్వారం ముదిరిందమ్మా, నేను చెప్తుంటే మా ఇంటావిడ హఫీజా రాస్తోంది.

మీ ఉత్తరం చదివించుకుని ఆ పూట దుకాణం తియ్యలేదు. ముప్పై రెండేళ్లలో నా జాకెట్టు సరిపోలేదన్నవాళ్లు లేరు. నా చేతి కుట్టు తెగింది లేదు. ఇప్పుడు ఆడపిల్లలు రెడీమేడ్ చుడీదార్లు వేసుకుని కంప్యూటర్ క్లాసులకి పోతున్నారు. నాకు మిగిలింది పేరొక్కటే, అదీ పోతుందేమోనని దిగులు.

మీ కొలతలు చూశాను. ఇవి ఒక మనిషివి కావు. పైన సగం ఒకరివి, కింద సగం ఇంకొకరివి. మనిషి లావైతే అంతటా లావవుతుంది, చిక్కితే అంతటా చిక్కుతుంది. చేతులు బలిసి నడుం తగ్గడం నేనెక్కడా చూడలేదు. టేపు ఎవరు పట్టారు? మీ ఆయన గారైతే ఇంకొకరిచేత కొలిపించండి. కంప్యూటర్ వాళ్లకి టేపు పట్టడం రాదు.

కత్తెర పక్కన పెట్టి ఎదురుచూసే
రహీమ్

తా.క. ఇది నా మాట, హఫీజాని. మీ అరచేతుల్లో కాయలు కాశాయా?

* * *

టూవూంబా
15 ఏప్రిల్ 2000

మాస్టారికి,

నమస్కారాలు. కొలిచింది మా వార్డు సిస్టర్. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అవే వచ్చాయి. రెండు సగాలూ నావే.

మా ఆయన ద్వారకానాథ్ గారు టేపు పట్టుకునే స్థితిలో లేరు. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని యూనివర్సిటీలో రెండేళ్లు సెలవు లేకుండా పనిచేశారు. ఒక్కటీ ఆగలేదు. ఆగనందుకు ఆయనకి థాంక్స్ చెప్పినవాళ్లూ లేరు. అప్పట్నుంచీ ఇంటికి రాగానే సోఫాలో పడుంటారు. వంటా, బట్టలూ, హాస్పిటలూ, అన్నీ నా నెత్తినే.

నేను ఒకరకం వ్యాయామం చేస్తున్నాను. కండ పెరిగింది, కొవ్వు తగ్గింది. కండ బరువు, అందుకని కాటా పెరిగింది. ఇంతకన్నా అడక్కండి, చెప్పే ఓపిక లేదు. దయచేసి కత్తెర చేతిలోకి తీసుకోండి.

ఇట్లు,
ఉన్న ఒక్క వదులు చొక్కాతోనే రోజులు నెట్టుకొస్తున్న
విద్యావతి

తా.క. కాయలు కాశాయి. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే పేషెంట్లు ఉలిక్కిపడుతున్నారు. అయినా హఫీజా గారికి ఎలా తెలిసింది?

* * *

తెనాలి
6 మే 2000

అమ్మా విద్యావతమ్మా,

రహీమ్ సలాములు. నాకు అర్థమైంది. మీరు చెప్పుకోలేకపోతున్నారు, నేనూ అడగను. కానీ కొలతలు అబద్ధమాడవమ్మా.

పేపర్లో చదివించుకున్నాను, జనవరి అయిపోయాక ఆ కంప్యూటర్ పని చేసినవాళ్లని ఇళ్లకి పంపేస్తున్నారట. మీ ఆయన సోఫాలో ఉన్నారని మీరే రాశారు. పైదేశాల్లో మన డాక్టర్ల చదువు చెల్లదనీ, మళ్లీ పరీక్షలు రాసేదాకా టాక్సీలు తోలుకుంటారనీ విన్నాను. చేతులకి కాయలు, భుజాలకి కండ, నడుం కరిగిపోవడం. రైల్వే గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాళ్లకి చొక్కాలు కుట్టినవాణ్ణి, నాకు తెలీదా? ఎన్ని మూటలు మోయిస్తున్నారమ్మా ఆ దేశంలో?

కుసుమ గారికి నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడే కొలతల పుస్తకంలో చూసుకున్నారు. పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టిన మాట నిజమే. దుకాణంలోనే కూలబడి ఏడ్చారు. మీకు బలం కోసం సున్నుండలు చేసి పార్సిల్ వేశారు.

మీ తండ్రిలాంటివాణ్ణి అనుకోండి,
రహీమ్

తా.క. మోకాళ్ల వెనక కమిలిందా? తొడల లోపలి వైపు కూడానా? ఇదేం ప్రశ్న, రాయొద్దని ఆయన కేకలేస్తున్నారు. కలం నా చేతిలో ఉంది. హఫీజా.

* * *

టూవూంబా
28 మే 2000

మాస్టారికి,

నమస్కారాలు. ఈ వారంలో అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. "మూటలు దించేసి ఇంటికొచ్చెయ్యవే" అంటుంది, ఏడుస్తుంది, పెట్టేస్తుంది. ఇంక దాచే ఓపిక కూడా నాకు లేదు.

నా ఉద్యోగం ఉంది. ఆయన ఉద్యోగమూ ఉంది. నేను మొయ్యడం లేదు, ఎక్కుతున్నాను. ఇక్కడ ఒక కార్ల షెడ్డు వెనకాల, సర్కస్‌లో పనిచేసి మానేసిన ఒకావిడ ప్రతి బుధవారం ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, క్లాసు పెడుతుంది. నేలనుంచి కప్పుదాకా ఇనుప గొట్టం పాతి ఉంటుంది. దాన్ని పట్టుకుని పైకి పాకాలి, గుండ్రంగా తిరగాలి, మోకాలి మడతతో పట్టు పట్టి తలకిందులుగా వేలాడాలి. నాకు నలభై మూడేళ్లు. చేరినప్పుడు జానెడు కూడా లేవలేదు. మొదటి నెలంతా ఒళ్లు హూనం, ఆకలి, కాటా పైకి. మూడో నెలకి పాంటు నడుం దగ్గర జారడం మొదలు, చొక్కా భుజం దగ్గర బిగుసుకోవడం మొదలు. ఎనిమిదో నెలకి కప్పు ముట్టుకున్నాను.

పైన పదకొండు సెకన్లు ఉండగలను. ఆ పదకొండు సెకన్లూ నన్నెవరూ ఏమీ అడగరు. అక్కడ పేజరు లేదు, కూరేమిటని అడిగేవాళ్లు లేరు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది మాస్టారూ. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

కానీ ఇక మానేస్తాను. మొన్న తెలుగువాళ్ల బార్బీ విందులో లలితకుమారి ఆంటీ నా చెయ్యి పట్టి చూసి, "ఏవిటమ్మా ఇది, మగాడి చెయ్యిలా?" అంది. అందరూ నవ్వారు, మా ఆయన కూడా నవ్వారు. అక్క ఏడుపు చాలు, వాళ్ల నవ్వులు చాలు. ఎవరికని సంజాయిషీ చెప్పను? మానేస్తే మూడు నెలల్లో కండ కరిగిపోతుంది. కల్యాణం నాటికి చాలావరకు తగ్గుతుంది. మీరు పాత ఆదికే కుట్టెయ్యండి.

సెలవు,
విద్యావతి

తా.క. కమిలింది, రెండు మోకాళ్లూ, తొడలూ. బట్ట అడ్డం ఉంటే జారిపోతాం, అందుకని నిక్కరే వేసుకోవాలి. ఒక దర్జీకి ఈ మాట రాస్తున్నందుకు క్షమించండి.

ఇంకో తా.క. సున్నుండల్లో నెయ్యి ఉందని క్వారంటైన్ వాళ్లు ఆపి, ఎందుకు తెప్పించుకున్నారని ఫారం పంపారు. మూటలు మొయ్యడానికని రాయలేక వదిలేశాను.

* * *

తెనాలి
20 జూన్ 2000

విద్యావతమ్మకి,

హఫీజా ఆశీస్సులు. ఈసారి ఆయన చెప్పడం లేదు, నేనే రాస్తున్నాను.

నేను పెళ్లికి ముందు ఆరేళ్లు సర్కస్‌లో చేశానమ్మా. నిలువు స్తంభం ఎక్కడం నా ఆట. అరవై ఎనిమిదిలో మా డేరా తెనాలిలో వేశారు. నా డ్రెస్సు చినిగితే, మేనేజరు కొలతలు చీటీ మీద రాసి, అప్పుడే దుకాణం పెట్టిన ఈయనకి పంపాడు. ఈయన చీటీ పట్టుకుని డేరాకి వచ్చి, "ఇవి ఒక మనిషివి కావు" అని గొడవపెట్టుకున్నారు. మేనేజరు నన్ను పిలిచి చూపించాడు. ఆరు నెలల తరవాత నికా అయింది.

ఆయన ఆ సంగతి మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. మీ కొలతలు ఉత్తరంలో చూడగానే కొలతల పుస్తకం మొదటి పేజీ తిరగేశాను. చేతి లూజు పన్నెండు ముప్పావు. అది నాది. మీకు నాకన్నా పావు అంగుళం ఎక్కువే.

పెళ్లయ్యాక మా అత్తగారు నా చేతులు చూసి ముఖం తిప్పుకునేది. ఆయన మంచివారే. "తగ్గుతుందిలే" అని మామూలు ఆడవాళ్ల ఆదికే నా జాకెట్లు కుట్టారు. తగ్గింది. మీరన్నట్టు మూడు నెలలు కాదు, ఏడాది పట్టింది. ఆ ఏడాదీ రోజూ తలుపు వేసుకుని చెయ్యి మడిచి చూసుకునేదాన్ని. నాకు ఏడుపొచ్చేది. ఎవరికి చెప్పను? ఈ ముక్క మొన్న మీ ఉత్తరం చదివి వినిపించాక, మొదటిసారి ఆయనకి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. తరవాత లేచి వెళ్లి కత్తెర తీశారు.

పాత ఆదికి కుట్టనివ్వను. కొత్త కొలతలకే కుట్టించాను, చెయ్యి పైకెత్తినా పట్టెయ్యకుండా చంకలో ముక్క వేయించాను. లోపల రెండంగుళాలు గుడ్డ వదిలించాను. అది తగ్గుతారని కాదు, ఇంకా పెరుగుతారని.

బుధవారం మానకండి.

మీ
హఫీజా

తా.క. దస్తూరీకి మన్నించండి డాక్టరమ్మా, ఇది రహీమ్‌నే రాస్తున్నాను. రాసేవిడ దుకాణం ముందున్న పందిరి ఇనుప గుంజ ఎక్కింది. యాభై రెండేళ్ల మనిషి, రెండడుగులు లేచింది, దిగమంటే దిగడం లేదు. కుసుమ గారు కింద నిలబడి సున్నుండ చూపిస్తున్నారు. హఫీజా జాకెట్టు చంక దగ్గర పర్రున తెగింది. ముప్పై రెండేళ్లలో నా కుట్టు తెగడం ఇదే మొదటిసారి. దిగగానే ఆవిడకీ కొత్త ఆది తీసుకుంటాను.